పోస్టు డబ్బాలోకి వచ్చే కాంట్రాక్టర్: అమెరికాలో ఒక కార్డు వెనుక ఉన్న లెక్క

డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో కొత్తగా ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకు మొదటి నెలలోనే ఒక సందేహం వస్తుంది: "వీళ్లకు నా పేరు ఎలా తెలిసింది?" తాళాలు చేతికి వచ్చి పట్టుమని మూడు వారాలైనా కాకముందే పోస్టు డబ్బా ప్రకటనల కార్డులతో నిండుతుంది. ఏసీ మరమ్మతు, కిటికీలు, కంచె, చెదల మందు, పచ్చిక కోత, పైకప్పు తనిఖీ. వసంతంలో ఒక సాయంత్రం వడగళ్లు పడ్డాయంటే మరో విడత కార్డులు దిగుతాయి. చాలామంది వాటిని డబ్బా దగ్గర నుంచి నేరుగా చెత్తబుట్టకు చేరుస్తారు.

ఆ కార్డులు పంపేవారిలో ఎక్కువమంది పెద్ద కంపెనీల వాళ్లు కారు. ఒక ట్రక్కు, నలుగురు పనివాళ్లు, ఇంట్లోనే ఆఫీసు ఉన్న చిన్న కాంట్రాక్టర్లు. అమెరికాలో ఈ రంగంలోకి దిగిన తెలుగువాళ్లూ ఉన్నారు, వారి కార్డులు అందుకునే తెలుగువాళ్లు మరీ ఎక్కువ. అందుకే ఈ వ్యవహారాన్ని రెండు వైపుల నుంచీ విప్పి చూడాలి. నాకు అర్థమైనంతలో ఇందులో లాభనష్టాలు తేలేది కార్డు మీది బొమ్మ వల్లనో, రంగుల వల్లనో కాదు. ఏ ఇంటికి వెళ్లింది, ఆ ఇంటి వయసెంత, ఎన్నిసార్లు వెళ్లింది అన్న మూడింటి దగ్గరే అంతా తేలిపోతుంది. డబ్బు పోగొట్టుకునే కాంట్రాక్టర్లు సాధారణంగా డిజైన్ మీద నెల రోజులు, చిరునామాల మీద పది నిమిషాలు వెచ్చిస్తారు.

ఇంతకీ ఈ ఫోన్ల కాలంలో కాగితం ఇంకా ఎందుకు బతికి ఉంది? ఒక కారణం చట్టమే. అమెరికాలో 2003 నుంచి "నాకు అమ్మకాల ఫోన్లు చేయవద్దు" అని నమోదు చేసుకునే జాతీయ జాబితా ఉంది. అందులో ఉన్న నంబరుకు, ముందు పరిచయమేదీ లేకుండా ఫోన్ చేస్తే జరిమానా పడవచ్చు. ఉత్తరాలకు అలాంటి ప్రభుత్వ జాబితా లేదు. మన దగ్గర లాగా కరపత్రాలు అచ్చు వేయించి కుర్రాళ్లతో పంచిపెట్టిద్దామంటే మరో చట్టం అడ్డొస్తుంది. 1934 నాటి ఆ చట్టం ప్రకారం తపాలా రుసుము చెల్లించని ప్రకటన కాగితాన్ని ఎవరి పోస్టు డబ్బాలోనూ వేయకూడదు. డబ్బా కొన్నది ఇంటాయనే, నిలబెట్టింది ఇంటాయనే. అయినా అందులో కాగితం పెట్టే హక్కు తపాలా సంస్థ ద్వారా వచ్చినదానికే ఉంటుంది. న్యూయార్క్ రాష్ట్రంలోని గ్రీన్‌బర్గ్ పట్టణ పౌర సంఘాలు దీన్ని సవాలు చేసినా, 1981లో సుప్రీంకోర్టు చట్టాన్నే సమర్థించింది. తలుపు పిడికి తగిలించే అట్టముక్కలు అక్కడ అంతగా కనిపించడానికి కారణం ఇదే: తలుపు పిడి ఆ చట్టం పరిధిలోకి రాదు.

పోస్టులో పంపాలంటే స్థూలంగా రెండు దారులున్నాయి.

మొదటిది చిరునామాలే అక్కర్లేని దారి. తపాలా సంస్థ 2011లో ప్రారంభించిన "ఎవ్రీ డోర్ డైరెక్ట్ మెయిల్" అనే పథకం అది. కాంట్రాక్టరు తపాలా సంస్థ వెబ్‌సైటులో పటం తెరిచి, పోస్ట్‌మ్యాన్ రోజూ తిరిగే మార్గాలను ఎంచుకుంటాడు. ఆ మార్గంలోని ప్రతి ఇంటికీ ఒక కార్డు చేరుతుంది. దాని మీద పేరు ఉండదు, "స్థానిక పోస్టల్ కస్టమర్" అన్న మాట మాత్రమే ఉంటుంది. చిన్న వ్యాపారి పోస్టాఫీసు కౌంటరులో ఇచ్చే పద్ధతిలో ప్రత్యేక పర్మిట్ అక్కర్లేదు. కనీసం 200 కార్డులు ఉండాలి, ఒక జిప్ కోడ్‌కు (అక్కడి పిన్‌కోడ్) రోజుకు 5,000 మించకూడదు. వాటిని 50 నుంచి 100 చొప్పున కట్టలు కట్టి, ప్రతి కట్ట మీద మార్గం వివరాల చీటీ పెట్టి, ఆ మార్గానికి ఉత్తరాలు వెళ్లే పోస్టాఫీసులోనే ఇవ్వాలి. మామూలు సైజు పోస్టుకార్డు దీనికి చెల్లదు. పొడవు 10.5 అంగుళాలైనా దాటాలి, ఎత్తు 6.125 అంగుళాలైనా దాటాలి. అచ్చు వేయించాక ఈ సంగతి తెలిసి తల పట్టుకున్నా ప్రయోజనం ఉండదు. తపాలా రుసుము కార్డుకు పావు డాలరుకు అటూ ఇటూగా ఉంటుంది. మనవైపు దినపత్రికల మధ్య పెట్టి పంచే కరపత్రాలకు ఇది దగ్గరి చుట్టం. మన తపాలా శాఖ కూడా చిరునామా లేని ప్రచార పత్రాలను "డైరెక్ట్ పోస్ట్" పేరుతో పంచుతుంది.

రెండోది జాబితా దారి. ఇక్కడ ప్రతి కార్డు మీదా పేరు, చిరునామా ఉంటాయి. జాబితా కొనాలి లేదా అద్దెకు తెచ్చుకోవాలి. అవును, అద్దెకే. చాలా జాబితాలను ఒక్కసారి వాడుకోవడానికే ఇస్తారు. రెండోసారి దొంగతనంగా వాడితే పట్టుకోవడానికి అమ్మేవాళ్లు తమ సొంత చిరునామాలు కొన్ని ముందే అందులో కలిపి ఉంచుతారు. తపాలా రుసుములో టోకు రేటు కావాలంటే కనీసం 200 ఉత్తరాలు గానీ, 50 పౌండ్ల బరువు గానీ ఉండాలి. ఇళ్లు మారినవారి వివరాలతో జాబితాను పంపే తేదీకి ముందు 95 రోజుల లోపు సరిచూసి ఉండాలి. ఈ నిబంధన వెనుక పంపేవాడి మేలు కూడా ఉంది. టోకు రేటుకు వెళ్లిన ఉత్తరం చేరకపోతే, దాని మీద ప్రత్యేక సూచన ముద్రించి ఉంటే తప్ప, తిరిగి రాదు. అక్కడే పారేస్తారు. వంద కార్డులు గాలిలో కలిసినా కాంట్రాక్టరుకు తెలియదు.

ఈ రెంటిలో ఏది మేలు? పని స్వభావాన్ని బట్టి ఉంటుంది. కొత్త వీధిలో అందరి ఇళ్లూ ఒకే సంవత్సరం కట్టినవైతే, అందరూ యజమానులే అయితే మొదటి దారి చవక. అదే మార్గంలో మూడు అపార్టుమెంటు భవనాలుంటే ఆ కార్డులన్నీ దండగ. అద్దెకున్నవాడు పైకప్పు మార్పించడు కదా.

ఇంటి జాతకం కౌంటీ ఆఫీసులో

ఇప్పుడు మొదటి సందేహానికి వద్దాం. మీ పేరు వాళ్లకు ఎలా తెలిసిందంటే, దాన్ని ప్రభుత్వమే బహిరంగంగా ఉంచింది. ఇంటిపన్ను వేయడానికి చాలా చోట్ల కౌంటీ (మన జిల్లా లాంటిది) ఒక రికార్డు నిర్వహిస్తుంది. యజమాని పేరు, ఇల్లు కట్టిన సంవత్సరం, చదరపు అడుగులు, మదింపు విలువ, చేతులు మారిన తేదీ అందులో ఉంటాయి. మన దగ్గర ఈసీ తీయించాలంటే ఒక దరఖాస్తు పెట్టుకోవాలి. అక్కడ కాలిన్ కౌంటీ మదింపు కార్యాలయం వెబ్‌సైటులో వీధి పేరు కొడితే చాలు. టెక్సస్‌లో అమ్మకం ధర మాత్రం ప్రభుత్వానికి చెప్పనక్కర్లేదు కాబట్టి అది కనిపించదు. పన్ను నోటీసు వెళ్లే చిరునామా, ఇంటి చిరునామా వేర్వేరుగా ఉంటే యజమాని అక్కడ ఉండటం లేదని అర్థం. "హోమ్‌స్టెడ్" అనే పన్ను మినహాయింపు ఉంటే యజమాని అందులోనే నివసిస్తున్నాడని అర్థం.

ఈ రికార్డును జాగ్రత్తగా చదవగలిగినవాడికి ఒక్కో ఇల్లూ తన జబ్బు తానే చెప్పుకుంటుంది. తారు షింగిల్స్‌తో (పలుచని పలకలతో) వేసిన పైకప్పు మామూలుగా ఇరవై నుంచి ముప్పై ఏళ్లు నిలుస్తుంది, టెక్సస్ ఎండకూ వడగళ్లకూ అంతకన్నా తక్కువే. వాటర్ హీటర్ పదేళ్లు దాటితే రోజులు లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. ఏసీ యంత్రం పదిహేనేళ్ల దగ్గర మొరాయించడం మొదలుపెడుతుంది. 2004లో కట్టిన ఇళ్ల వీధికి 2024లో వెళ్లిన పైకప్పు కార్డు, 2019లో కట్టిన ఇళ్ల వీధికి వెళ్లిన అదే కార్డు చూపుకు ఒకటే. ఫలితంలో వాటికి పోలికే లేదు.

ప్లంబర్లకు ఇంకా కచ్చితమైన సూచిక ఒకటుంది. అమెరికాలో 1978 నుంచి 1995 మధ్య కట్టిన లక్షలాది ఇళ్లలో పాలీబ్యుటిలీన్ అనే బూడిదరంగు ప్లాస్టిక్ గొట్టాలు వేశారు. రాగి కన్నా చవకని మురిసిపోయారు. నీటిలోని క్లోరిన్ వల్ల అవి లోపలి నుంచి పెళుసెక్కి, చెప్పాపెట్టకుండా పగలడం మొదలైంది. వాటిపై నడిచిన వ్యాజ్యాలు 1995లో 95 కోట్ల డాలర్ల పరిహార ఒప్పందంతో ముగిశాయి. ఆ తర్వాత ఆ గొట్టాలు మార్కెట్టు నుంచి పోయాయి. చాలా ఇళ్ల గోడల్లో మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. ఆ పద్దెనిమిదేళ్లలో కట్టిన ఇళ్ల జాబితా తీసి, "మీ వాటర్ హీటర్ దగ్గర బూడిదరంగు గొట్టం కనిపిస్తోందా?" అని ఒక్క వాక్యం రాసి, పక్కన ఆ గొట్టం ఫోటో వేసి పంపే ప్లంబర్‌ను నేను గౌరవిస్తాను. ఆ కార్డు చెత్తబుట్టలోకి వెళ్లినా చదివిన మనిషికి తన ఇంటి గురించి ఒక నిజం తెలుస్తుంది.

రంగులు వేసేవారికీ ఇలాంటి గీత ఒకటుంది. ఇళ్లకు వాడే రంగుల్లో సీసాన్ని 1978లో నిషేధించారు. అంతకుముందు కట్టిన ఇళ్లలో పాత రంగు చెదిరే పని డబ్బు తీసుకుని చేయాలంటే, 2010 నుంచి పర్యావరణ పరిరక్షణ సంస్థ ధ్రువపత్రం ఉన్న సంస్థే చేయాలి. ఆ ధ్రువపత్రం సంపాదించిన చిన్న కాంట్రాక్టరు పాత ఇళ్లున్న పేటలకే కార్డు పంపి, ఆ సంగతి దాని మీద రాస్తే, తక్కువ ధరకు పని ఒప్పుకునే పది మందిని దాటి ముందుకు వెళ్లగలడు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. కట్టిన సంవత్సరం ఇంటి వయసు చెబుతుంది, పైకప్పు వయసు చెప్పదు. రెండేళ్ల కిందటే మార్పించి ఉండవచ్చు. అనేక నగరాల్లో పైకప్పు మార్చడానికి అనుమతి తీసుకోవాలి, ఆ అనుమతుల రికార్డు కూడా బహిరంగమే. ఓపికగా ఆ రెండింటినీ సరిపోల్చి చూసేవారు తక్కువ. వీధిలో నెమ్మదిగా కారు నడుపుతూ కప్పుల వైపు చూసి నోట్‌బుక్కులో రాసుకునేవారు ఇంకా తక్కువ. ఖర్చు లేని పని అది, జాబితా అమ్మేవాడెవడూ ఇవ్వలేని సమాచారం అది.

లెక్క ఎక్కడ తప్పుతుంది

అంకెలు ఊహించుకుని చూద్దాం. అచ్చు, తపాలా కలిపి కార్డుకు 60 సెంట్లు, మొత్తం 5,000 కార్డులు, ఖర్చు 3,000 డాలర్లు. రెండు వందల మందిలో ఒకరు ఫోన్ చేశారనుకుందాం. 25 ఫోన్లు. అందులో 15 ఇళ్లకు వెళ్లి చూస్తే 5 పనులు కుదిరాయి. ఒక్కో పని దక్కించుకోవడానికి 600 డాలర్లు అయినట్టు.

ఆ పని పైకప్పు మార్చడమైతే, సామగ్రి, కూలి పోను 3,000 డాలర్లు మిగులుతాయనుకుంటే, అయిదు పనుల మీద 15,000 వస్తాయి. కార్డుల ఖర్చు తీసేసినా 12,000. ఆ పని వాననీటి గొట్టాలు శుభ్రం చేయడమైతే? ఒక్కసారికి 80 డాలర్లు మిగిలిందనుకుంటే అయిదు పనులకు 400. ఫోన్ చేసిన 25 మందీ ఒప్పుకున్నా 2,000 దాటదు. అవే కార్డులు, అదే స్పందన, ఒకరికి పంట, ఇంకొకరికి అప్పు. "పోస్టులో పంపితే లాభమా?" అని ఎవరైనా అడిగినప్పుడు ముందు అడగాల్సింది, మీ పని ఎంతది అని.

గొట్టాలు శుభ్రం చేసే మనిషి అంతటితో ఆశ వదులుకోనక్కర్లేదు. ఒక ఇల్లు ఏడాదికి రెండుసార్లు చొప్పున ఆరేళ్లు పిలిస్తే, ఆ ఒక్క ఇంటి మీద 960 డాలర్లు మిగులుతాయి. అయిదు ఇళ్లకు 4,800. లెక్క ప్రకారం లాభమే. కానీ కార్డుల బిల్లు ఈ నెల కట్టాలి, ఆ లాభం ఆరేళ్లలో వస్తుంది. చేతిలో డబ్బు ఆడని చిన్న వ్యాపారులు మునిగేది ఇక్కడే. వారికి కొత్తవాళ్ల జాబితా కన్నా పాత ఖాతాదారుల జాబితా విలువైనది. గత ఏడాది పని చేయించుకున్న 150 ఇళ్లకు ఆకులు రాలే ముందు ఒక కార్డు పంపడానికి వంద డాలర్ల పైచిలుకు చాలు. పేరు తెలిసిన మనిషి నుంచి వచ్చిన కార్డును ఎవరూ డబ్బా దగ్గరే పారేయరు.

ఇక అందరూ చేసే తప్పు, 5,000 ఇళ్లకు ఒక్కసారి పంపి ఊరుకోవడం. పైకప్పు కారే రోజు, గీజరు పగిలే రోజు ఏ ఇంటికి ఎప్పుడు వస్తుందో పంపేవాడికి తెలియదు. మార్చిలో వచ్చిన కార్డు జూన్‌లో కారే కప్పుకు పనికిరాదు, దాన్ని ఎప్పుడో పారేసి ఉంటారు. అందుకే 1,000 ఇళ్లను జాగ్రత్తగా ఎంచి, వాటికే అయిదుసార్లు పంపడం మేలు. ఖర్చు దాదాపు అంతే. మూడోసారికి ఆ పేరు తెలిసిన పేరవుతుంది. పైగా ఆ వెయ్యి ఇళ్లూ దగ్గరదగ్గరగా ఉంటే ట్రక్కు తిరిగే దూరం తగ్గుతుంది, పని జరుగుతున్న ఇంటి ముందు పాతిన కాంట్రాక్టరు పేరు పలక కార్డు అందుకున్న పొరుగువాడి కంట పడుతుంది.

చిన్నదిగా కనిపించినా నిజానికి పెద్ద విషయం మరొకటి: ఫోన్ ఎవరు ఎత్తుతారు? కార్డులు చేరిన రెండు మూడు రోజుల్లోనే ఫోన్లు గుంపుగా వస్తాయి. యజమాని పైకప్పు మీద సుత్తి పట్టుకుని ఉంటాడు. ఎత్తని ఫోన్ తర్వాతి కాంట్రాక్టరుకు పోతుంది. అయిదు వేల కార్డులూ ఒకే రోజు వదలకుండా వారానికి వెయ్యి చొప్పున పంపడం, ఆ రోజుల్లో ఇంట్లో ఎవరో ఒకరిని ఫోన్ దగ్గర ఉంచడం, డిజైనర్‌కు ఇచ్చే డబ్బు కన్నా ఎక్కువ ఫలితమిస్తాయి.

ఇంత తంటా ఎందుకు, ఇంటర్నెట్‌లో ఖాతాదారుల వివరాలు అమ్మే సంస్థల దగ్గర కొనుక్కోవచ్చు కదా అని అడిగేవారున్నారు. కొనవచ్చు. అయితే అదే వివరం ఏకకాలంలో మరికొందరు కాంట్రాక్టర్లకూ అమ్ముడవుతుంది, ముందు ఫోన్ చేసినవాడిదే గెలుపు. ఆ రంగంలో పెద్దదైన హోమ్‌అడ్వైజర్, తాను అమ్మే వివరాల నాణ్యత గురించి చిన్న వ్యాపారులను తప్పుదోవ పట్టించిందని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2022లో ఆరోపించింది. 2023 జనవరిలో 72 లక్షల డాలర్ల వరకూ చెల్లించడానికి ఆ సంస్థ అంగీకరించింది. కార్డు పద్ధతిలో స్పందించిన మనిషి ఒక్కరికే ఫోన్ చేస్తాడు. ఆ తేడాకు విలువ ఉంది.

కార్డు అందుకున్నవారి వైపు నుంచి

కార్డు మీద ముందు చూడాల్సింది లైసెన్స్ నంబరు. కాలిఫోర్నియాలో కాంట్రాక్టరు ఇచ్చే ప్రతి ప్రకటనలో అది ఉండి తీరాలి. న్యూజెర్సీలో రాష్ట్ర నమోదు నంబరు ఉండాలి. ఆ నంబరును రాష్ట్ర వెబ్‌సైటులో సరిచూడటానికి రెండు నిమిషాలు పడుతుంది. కాలిఫోర్నియాలో ఇంటి మరమ్మతు ఒప్పందానికి బయానా మొత్తంలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అంతకు మించి అడగకూడదు. సగం డబ్బు ముందే ఇమ్మన్నవాడికి అక్కడే నమస్కారం పెట్టవచ్చు. టెక్సస్‌లో పరిస్థితి వేరు. పైకప్పు వేసేవారికి అక్కడ రాష్ట్ర లైసెన్సే లేదు. ఎవరైనా కార్డు అచ్చు వేయించుకోవచ్చు. వడగళ్ల వాన పడగానే వేరే రాష్ట్రాల నుంచి ట్రక్కులు దిగడానికి, పని సగంలో మాయమవడానికి ఇదీ ఒక కారణం.

ఆ కార్డుల మీద ఒకప్పుడు "మీ డిడక్టిబుల్ మేమే భరిస్తాం, పైకప్పు ఉచితం" అని ఉండేది. బీమాలో ఇంటి యజమాని తన జేబు నుంచి కట్టాల్సిన వాటా అది. టెక్సస్‌లో 2019 సెప్టెంబరు 1 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం ఆ వాటాను యజమాని కట్టి తీరాలి, మాఫీ చేస్తానని కాంట్రాక్టరు చెప్పకూడదు. ఇప్పటికీ మాటల్లో ఆ ఆశ పెట్టేవారున్నారు. ఒప్పుకుంటే బీమా సంస్థకు అబద్ధపు బిల్లు చూపించడంలో మీరూ భాగస్వాములవుతారు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే "అందరూ చేయించుకుంటున్నారు" అన్న మాట మన కుటుంబాల్లో తొందరగా పనిచేస్తుంది.

ఇంకో రకం ఉత్తరాలు నాకు కోపం తెప్పిస్తాయి. ప్రభుత్వ ముద్రను పోలిన గుర్తు, "తుది నోటీసు" అన్న ఎర్ర అక్షరాలు, మీ రుణసంస్థ పేరు. విప్పి చూస్తే హోమ్ వారంటీ, అంటే ఇంటి సామగ్రి మరమ్మతుల భరోసా పథకం అమ్మకం. రుణసంస్థ పేరు కూడా బహిరంగ రికార్డులోనిదే కాబట్టి అది చూసి బెదరనక్కర్లేదు. భాష పూర్తిగా తెలియని పెద్దవాళ్లు, పిల్లల దగ్గరికి వచ్చి ఇంట్లో ఒంటరిగా ఉండే తల్లిదండ్రులు వీటికి భయపడతారు. నిజాయితీగా కార్డు పంపే చిన్న కాంట్రాక్టర్ల మీద నమ్మకాన్ని చెరిపేస్తున్నవి ఈ ఉత్తరాలే.

కార్డు చూసి పిలిస్తే వచ్చిన మనిషి మీ ఇంట్లోనే కూర్చుని సంతకం చేయించుకుంటే, 25 డాలర్లు దాటిన అలాంటి చాలా ఒప్పందాలను మూడు పనిదినాల్లో రద్దు చేసుకునే వీలు ఫెడరల్ నిబంధన ఇస్తుంది. ఇంటికి మీరే ప్రత్యేకంగా మరమ్మతు కోసం పిలిపించుకున్న సందర్భం వంటి మినహాయింపులున్నాయి కాబట్టి, సంతకానికి ముందే రద్దు పత్రం ఇస్తారా అని అడగడం మంచిది. ఒకే సంస్థ వద్దన్నా పంపుతూనే ఉంటే దానికీ మార్గముంది. 1970లో రోవన్ కేసులో సుప్రీంకోర్టు, ఇంట్లోకి వచ్చే ఉత్తరాన్ని ఆపించే హక్కు ఇంటి యజమానిదేనని తేల్చింది. తపాలా సంస్థ దగ్గర 1500 నంబరు ఫారం నింపి ఇస్తే ఆ పంపేవాడికి నిషేధ ఉత్తర్వు వెళ్తుంది. ఆ చట్టాన్ని లైంగికంగా అభ్యంతరకరమైన ప్రకటనల గురించి రాసినా, ఏది అభ్యంతరకరమో నిర్ణయించే అధికారాన్ని కోర్టు పూర్తిగా గ్రహీతకే వదిలింది.

తిరిగి కాంట్రాక్టరు దగ్గరికి. ఏ కార్డు పనిచేసిందో తెలుసుకోవడానికి విడతకొక ఫోన్ నంబరు, క్యూఆర్ కోడ్ పెడతారు. అవి సగం కథే చెబుతాయి. కార్డు చూసినవాడు నేరుగా ఆ నంబరుకు ఫోన్ చేయకుండా గూగుల్‌లో పేరు వెతికి సమీక్షలు చదివి చేస్తాడు, లెక్కలో అది గూగుల్ ఖాతాలో పడుతుంది. కాబట్టి ఫోన్ ఎత్తిన మనిషి "మా గురించి ఎలా తెలిసింది?" అని అడిగి రాసుకోవాలి. నెల చివర, పని కుదిరిన చిరునామాలను పంపిన జాబితా పక్కన పెట్టి చూడాలి. ఒక వీధిలో కప్పు వేయాల్సి వచ్చినప్పుడు ఆ ఇంటి చుట్టూ ఉన్న ఇరవై ఇళ్లకు, "మీ వీధిలో పని చేస్తున్నాం, శబ్దానికి మన్నించండి, శుక్రవారానికి పూర్తవుతుంది" అని పనిపెద్ద పేరుతో, ఫోన్ నంబరుతో పని మొదలయ్యే ముందే చేరేలా ఫస్ట్ క్లాస్ పోస్టులో పంపిన కార్డు ఖర్చు ఇరవై డాలర్లు దాటదు. అందులో అమ్మకం మాట ఒక్కటీ అక్కర్లేదు. ఆ ఇరవై ఇళ్ల కప్పులూ చాలావరకు ఒకే ఏడాది వేసినవి, అవే వడగళ్లు తిన్నవి.